చాప పరిచే ముందు

మొదట ఒక నిజం చెప్పేస్తాను. తెల్లవారుజామున లేవడం నాకు ఏనాడూ ఇష్టం లేదు. ఇప్పుడు రిటైరై తిరుపతిలో మా అమ్మాయి ఇంటికి దగ్గరగా రెండు గదుల పోర్షన్‌లో ఉంటున్నాను. లేపేవాళ్ళు లేరు, లేవకపోతే ఏమని అడిగేవాళ్ళూ లేరు. అయినా కోడి కూయకముందే కళ్ళు తెరుచుకుంటాయి. దుప్పటి మడుస్తూ, "ఇంకాసేపు పడుకోనిస్తే నీ సొమ్మేం పోయింది ప్రభువా" అని ఒక మాట అనేసి, ఆ తర్వాతే మోకరిస్తాను. నా ఉదయ ప్రార్థన రోజూ ఫిర్యాదుతోనే మొదలవుతుంది. ఆయన అలవాటు పడిపోయి ఉంటాడు.

నేను బైబిల్ ఉమన్‌గా పనిచేశాను. ఈ ఉద్యోగం గురించి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. సంఘంలో పాస్టరుగారు ప్రసంగం చేస్తారు, పెళ్ళిళ్ళు చేస్తారు, బాప్తిస్మం ఇస్తారు. బైబిల్ ఉమన్ ఇళ్ళకు పోతుంది. ఆడవాళ్ళ దగ్గర కూర్చుంటుంది, చదువు రానివాళ్ళకు వాక్యం చదివి వినిపిస్తుంది, మంచాన పడినవాళ్ళ దగ్గరా బాలింతల దగ్గరా ప్రార్థన చేస్తుంది. ఊళ్ళో అందరూ "టీచరమ్మ" అని పిలుస్తారు. చిత్తూరు టౌన్‌లోనూ, వడమాలపేట, పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల్లోనూ నా సర్వీసంతా గడిచిపోయింది.

శిక్షణ ముగించుకుని ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు కొందరు ఆమధ్య ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ వాళ్ళలో ఒకమ్మాయి, "ఉదయ ప్రార్థన లేని ఇండ్లలో దాన్ని యెట్ల నిలబెట్టేది టీచరమ్మా?" అని అడిగింది. నేను, "లేని ఇండ్లతో అంత కష్టం లేదు తల్లీ. ఉండే ఇండ్లతోనే వచ్చింది చిక్కంతా" అన్నాను. ఆ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు వాళ్ళకు నోటితో చెప్పిందే, ఈ పనిలోకి వచ్చే మీ అందరి కోసం ఇప్పుడు రాస్తున్నాను.

పాలవాళ్ళ ఊరు

నా మొదటి పైఅధికారిని అందరూ పెద్దయ్యగారు అనేవారు. వడమాలపేట వైపు పల్లెల పాస్టరు ఆయన. గొంతు ఉరుము, ప్రార్థన మాత్రం పొట్టి. ఒకసారి చిత్తూరు నుంచి ఒక బోధకుడు వచ్చి, పాడి ఉన్న ఒక ఇంట్లో తెల్లవారే ప్రార్థన మొదలుపెట్టాడు. ఆదాము దగ్గర బయలుదేరి, ప్రవక్తల మీదుగా మెల్లగా వస్తున్నాడు. దొడ్లో ఆవులు పొదుగులు నిండి అరుస్తున్నాయి. ఆ ఇంటావిడ ఒక కన్ను మూసి, ఒక కన్ను దొడ్డి వైపు పెట్టింది. పెద్దయ్యగారు ఆ బోధకుడి భుజం మీద చెయ్యి వేసి, "ఆవు అరస్తా ఉంటే దేవుడు గూడా ఆ పక్కే సూస్తా ఉంటాడప్పా. ఆమెన్ చెప్పేయ్" అన్నారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. పొద్దున చేసే ప్రార్థన పండ్లు తోముకోవడం లాంటిదని ఆయన అనేవారు. కొంచెమే చెయ్యాలి, రోజూ చెయ్యాలి, ఇంకొకరికి చూపించడానికి చెయ్యకూడదు.

అంత తెలిసిన మనిషి కూడా ఒక తప్పు చేసేవారు. ఆదివారం ఆరాధనలో, "ఈ వారం యెవరింట్లో ప్రార్థన తప్పింది? లేసి నిలబడండి" అని గద్దించేవారు. మొదట్లో నిజం చెప్పి కొందరు నిలబడ్డారు. తర్వాత ఎవరూ నిలబడలేదు. అంటే అందరూ ప్రార్థన చేస్తున్నారని కాదు. తెల్లవారుజామున ఆయన వీధిలో నడిచి పోతుంటారని జనానికి తెలుసు. ఆయన చెప్పుల చప్పుడు వినిపించగానే ఒక ఇంట్లో పడుకున్న చోటి నుంచే పిల్లల చేత గట్టిగా ఒక పాట పాడించేవాళ్ళు. చప్పుడు దాటిపోగానే పాట ఆగిపోయేది, గురక మొదలయ్యేది. ఆయనకు బదిలీ అయిన మరుసటి సోమవారం ఆ వీధిలో ఒక్క పాట వినిపించలేదు. భయంతో మొదలైన ప్రార్థన ఆ భయపెట్టిన మనిషి వెంటే బస్సెక్కి పోతుంది. ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు గానీ, ఆ పద్ధతి మాత్రం నేను ఎక్కడా వాడలేదు.

గడపలో ప్రార్థన

చిత్తూరులో జయమణి అని ఆసుపత్రి ఆయా ఒకామె ఉండేది. ఆమె భర్త మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి కాపలా. ఆయన ఇల్లు చేరే సమయమూ ఆమె డ్యూటీకి బయలుదేరే సమయమూ ఒకటే.

"మా యింట్లో ప్రార్థన యాడ కుదురుతుంది టీచరమ్మా? ఆయనొచ్చేది, నేను పొయ్యేది ఒకే గడియ. గడపలో బీగం చెవి చేతికిచ్చి పరిగెత్తడమే" అంది.

"ఆ బీగం చెవి ఇచ్చేటప్పుడు చెయ్యి" అన్నాను.

ఆమె నవ్వింది. కానీ చేశారు. గడపలో నిలబడి ఇద్దరూ ఆ తాళంచెవిని చెరో పక్క పట్టుకునేవాళ్ళు. ఆమె ఒక మాట, ఆయన ఒక మాట, ఆమెన్. ఆమె పోయేది, ఆయన పోయి పడుకునేవాడు. ఒకసారి మా సంఘ పెద్ద ఒకాయన చూసి, కాళ్ళకు చెప్పులతో ప్రార్థన ఏమిటని నన్ను నిలదీశాడు. "చెప్పులు విప్పేంత టైముంటే వాళ్ళు కూర్చునే చేసుందురయ్యా" అన్నాను. ఆయనకు నా జవాబు నచ్చలేదు. నేను బతిమాలనూ లేదు. మీరు పోయే ఇళ్ళలో షిఫ్టు పనులవాళ్ళే ఎక్కువ ఉంటారు. శ్రీసిటీకీ నాయుడుపేటకూ కంపెనీ బస్సులెక్కేవాళ్ళు, హోటళ్ళలో వంటవాళ్ళు, సెక్యూరిటీవాళ్ళు. వాళ్ళను చాప మీద కూర్చోబెట్టాలని పట్టుబట్టకండి.

ఆమెన్ చెప్పక తప్పని తగవు

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికి వస్తాను. శిక్షణలో ఎవరూ చెప్పరు దీన్ని.

మన ఇళ్ళలో కుటుంబ ప్రార్థన అంటే వరసగా ఒక్కొక్కరూ పైకి ప్రార్థించాలి. భార్య వంతు వస్తుంది. "ప్రభువా, ఈ యింటి యజమాని సాయంత్రమైతే యాడికి పోతాడో నీకు తెలుసు" అంటుంది. తర్వాత భర్త వంతు. "తండ్రీ, నసిగే నోటికి కాపలా పెట్టు" అంటాడు. ఆ తర్వాత కొడుకు, "ప్రభువా, మా నాయనకు నా కష్టం తెలిసేటట్ల చెయ్యి" అంటాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించారని సామెత. మన వాళ్ళు దుత్తను వదిలేసి దేవుణ్ణి పట్టుకున్నారు.

పైకి నవ్వులాటగా ఉంటుంది గానీ, ఇది చాలా చెడ్డ అలవాటు. ఎందుకంటే ఇందులో జవాబు చెప్పే వీల్లేదు. అందరూ కళ్ళు మూసుకుని ఉంటారు. ఒకరు ప్రార్థిస్తుంటే మధ్యలో అడ్డు తగలకూడదు. పైగా చివర్లో, తిట్లు తిన్నవాళ్ళు కూడా అందరితోబాటు ఆమెన్ అనాలి. ఇంతకంటే అన్యాయమైన తగవు ఏ రచ్చబండ దగ్గరా జరగదు.

పూతలపట్టు నుంచి కొంత దూరంలో ఉన్న ఒక పల్లెలో ఈ జబ్బు ఒక కాపురం మీదికి తెచ్చింది. అది చెబుతాను. ఆ ఇంటివాళ్ళ పేర్లు మార్చాను. రాయొచ్చా అని ఆ ఇంటి కోడలిని ఫోన్ చేసి అడిగితే, "రాయండి టీచరమ్మా, మైకులో మాత్రం సదవొద్దు" అంది. ఆ మాట ఎందుకు అన్నదో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

మార్తమ్మ ఇల్లు

ఉదయ ప్రార్థన అంటే ఆ పల్లెలో ఎవరైనా మార్తమ్మ ఇంటిని చూపించేవాళ్ళు. వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లాక వసారాలో చాప పడాల్సిందే. దాని మీద నలుగురు. మార్తమ్మ, ఆమె భర్త ఆనందం, కొడుకు ప్రభుదాసు, కోడలు కెజియా. ప్రభుదాసు కూరగాయల వ్యాను తోలేవాడు. కెజియాది వడమాలపేట పక్క ఊరు. ప్రార్థన ఒక చుట్టు తిరిగేదాకా ఆ ఇంట్లో ఎవరూ నోట్లో నీళ్ళు పోసుకోకూడదు. ఆనందం వంతు వచ్చినప్పుడు, "వందనాలు ప్రభువా, ఆమెన్" అని లేచి ఆవుల దగ్గరికి పోయేవాడు. అన్నేళ్ళలో ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. మిగిలినవాళ్ళ తరఫున కూడా మార్తమ్మే చూసుకునేది.

మార్తమ్మ చెడ్డ మనిషి కాదని ముందే చెబుతున్నాను. ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా జావ కాచి పట్టుకుపోయే మనిషి. కోడలిని కొట్టింది లేదు, కూడు పెట్టకుండా ఉన్నది లేదు. చెప్పాల్సింది ఏదైనా మనిషి మొహం మీద చెప్పే అలవాటు మాత్రం ఆమెకు లేదు. చాప మీద కూర్చున్నాక చెప్పేది. "ప్రభువా, మజ్జిగ కుండ కడగడం గూడా నేర్పాల్సి వస్తా ఉండాది ఈ యింట్లో" అనేది. కెజియా ఆమెన్ అనేసి పోయి కుండ కడిగేది.

పెళ్ళైన రెండో ఏడు కెజియాకు నెల తప్పింది. ఇంకా ఎవరికీ చెప్పుకోకముందే కడుపు పోయింది. చిత్తూరు ఆసుపత్రిలో రెండు రోజులు ఉండి వచ్చింది. తెలిసింది ఇంట్లోవాళ్ళకూ నాకూ మాత్రమే. "ఎవురికీ తెలియనీయొద్దు టీచరమ్మా" అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. సరేనన్నాను.

అప్పుడే మా సంఘానికి సామ్యూల్ అయ్యగారని కుర్ర పాస్టరు ఒకాయన వచ్చారు. చురుకైన మనిషి. శుక్రవారం వేకువన గుడిలో, అంటే మా చర్చిలో, ఆడవాళ్ళ ప్రార్థన కూడికకు మైకు పెట్టించి, గుడి కప్పు మీద స్పీకరు కట్టించారు. మంచాల మీద ఉన్న ముసలివాళ్ళకు పాట వినిపిస్తుందని ఆయన ఆలోచన. అందులో తప్పేమీ లేదు, నిజంగానే కొందరు ఆ పాట కోసం ఎదురుచూసేవాళ్ళు.

ఆ శుక్రవారం మార్తమ్మ మైకు అందుకుంది.

"ప్రభువా, నా కోడలి కడుపు నిలబడలేదు. ఆ పిల్ల యేమన్నా పాపం దాసిపెట్టుకొని ఉంటే బయిట పెట్టు తండ్రీ. కడిగి శుద్ధి చెయ్యి" అని ఏడుస్తూ ప్రార్థించింది.

గుడిలో ఆడవాళ్ళు కన్నీళ్ళతో స్తోత్రం చెప్పారు. నేను కళ్ళు తెరిచేశాను. ఆ సమయానికి కెజియా వీధి కొళాయి దగ్గర బిందెతో వరసలో ఉంది. స్పీకరు ఆమె నెత్తి మీదే ఉన్నట్టు ప్రతి మాటా వినిపించింది. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి ఆమె వైపు చూశారట. నిండని బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది.

మరుసటి పొద్దున చాప మీద కెజియా వంతు వచ్చింది. తల మీద కొంగు వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. నోరు తెరవలేదు. మార్తమ్మ చాలాసేపు చూసింది. చుట్టు పూర్తి కాలేదు కాబట్టి ఎవరూ తినడానికి లేదు. ప్రభుదాసు ఖాళీ కడుపుతో వ్యాను తీసుకుని పోయాడు. ఆనందం ఆవుల దగ్గరికి పోయాడు. రెండో రోజూ అదే, మూడో రోజూ అదే. కెజియా పని ఏదీ మానలేదు. అత్తతో మాట మానేసింది, ప్రార్థన మానేసింది.

మార్తమ్మ నా దగ్గరికి వచ్చింది. "దాని నోరు తెరిపించల్ల టీచరమ్మా. ఏదన్నా గాలి సోకిందేమో అని భయంగా ఉండాది నాకు" అంది. నిజంగానే భయపడింది. తన మాటే కారణమని ఆమెకు తోచనే లేదు.

నేను పోయి, కెజియా పాలు పిండుతుంటే దొడ్లో పక్కన కూర్చున్నాను. చెంబు నిండింది. తర్వాత తనే మొదలుపెట్టింది.

"అత్త దేవుడితో సెప్పుకోనుంటే నాకేమీ బాధ లేదు. ఊరికి సెప్పింది. దేవుడి పేరు పెట్టి సెప్పింది. ఇప్పుడు నేనేం సెయ్యాల? నేనూ ఒక ప్రార్థన సేసి ఆమెను పొడవల్లా? నాకా ప్రార్థన వొద్దు టీచరమ్మా. నాకేం పాపముండాదని నేను దాసేది? బిడ్డ పొయ్యింది నాకు."

"ప్రభుదాసు ఏమంటాడు?"

"మాయమ్మ ప్రార్థనే గదా సేసింది, తిట్టిందా అంటాడు." చెంబు పక్కన పెట్టింది. "వచ్చే శుక్రవారం మొదటి బస్సుకు మాయమ్మోళ్ళింటికి పోతా. మళ్ళా ఈ యింటికి రాను. ఈ జన్మలో చాప మీద గూడా కూర్చోను."

బెదిరింపు కాదది. గొంతులో కోపం కూడా లేదు. నాకు భయం వేసింది అందుకే. ఒక కాపురం పోతోంది, దాంతోబాటు ఒక మనిషి జీవితంలోంచి ప్రార్థన కూడా పోతోంది. రెండోది పోతే దాన్ని తిరిగి తేవడం నా వల్ల కాదని నాకు తెలుసు.

కెజియా అన్నది నేను పోయి చెప్పినప్పుడు మార్తమ్మ బిత్తరపోయింది. "నేను దేవుడితో సెప్పుకున్నా గాని ఊరితో సెప్పినానా?" అంది. ఆ ప్రశ్నలో అబద్ధం లేదు. ఆమె లెక్కలో కళ్ళు మూసుకుంటే ఎదురుగా దేవుడొక్కడే ఉంటాడు. మిగతా ఊరంతా ఎటో పోతుంది. ఇది మార్తమ్మ ఒక్కతే చేసే పొరపాటు కాదు. ఇప్పుడైతే మైకు కూడా అక్కర్లేదు, సంఘం వాట్సాప్ గ్రూపు ఉంది. "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థించండి, ఆమె భర్త విషయం మీకు తెలుసు" అని పెడితే చాలు, తెలియనివాళ్ళందరూ మధ్యాహ్నానికల్లా తెలుసుకుంటారు.

"ఆ బిడ్డ కోసరం నేను ఎంత ఏడ్చినానో దేవుడికి తెలుసు" అంది మార్తమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"దేవుడికి తెలుసక్కా. కెజియాకు తెలుసునా?" అన్నాను.



చుట్టి పెట్టిన చాప

ఆ సాయంత్రం నలుగురినీ కూర్చోబెట్టి ఒకే ఒక్క మాట చెప్పాను. చాప మీద కూర్చోబోయే మనిషి గురించి చెప్పాల్సింది ఏదైనా ఉంటే, చాప పరిచే ముందు, ఆ మనిషికే, కళ్ళు తెరిచి, మొహం చూసి చెప్పాలి. అది ముగిసిన తర్వాతే చాప. చాప మీద కూర్చున్నాక పక్కనున్నవాళ్ళ తప్పులు దేవుడికి చెప్పకూడదు. ఆయనకు కళ్ళున్నాయి.

నేనేదో గొప్ప ఉపాయం చెప్పానని అనుకోకండి. మరుసటి పొద్దున ఆ ఇంట్లో జరిగింది చూస్తే నవ్వుతారు. చాప గోడకు ఆనించి ఉంది. నలుగురూ నిలబడి ఉన్నారు. మొహం చూసి మాట్లాడటం ఎలాగో ఎవరికీ తెలియదు. చివరికి మార్తమ్మ మజ్జిగ కుండ సంగతి ఎత్తుకుంది. ప్రభుదాసు తల్లి మాటకు అడ్డం పడ్డాడు. ఆమె వాడి చిన్నప్పటి సంగతులు తవ్వింది. తగవు తెగేలోపల పాల వ్యాను వచ్చి పోయింది. ఆ రోజు పాలన్నీ తోడు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆనందం కుండల వైపు చూసి, "యింటి నిండా పెరుగే. ఆశీర్వాదం పొంగి పొర్లతా ఉండాది" అన్నాడు. ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట నేను వినడం అదే మొదలు.

కెజియా మాత్రం నోరు విప్పలేదు.

ఆ తర్వాతి రోజు ఆనందం తన భార్య ఎదురుగా నిలబడ్డాడు. "మైకులో నువ్వు చేసింది తప్పు. ఆ పిల్లకు చెప్పు" అన్నాడు. మార్తమ్మ ఆయన వైపు చూసి, పెరట్లోకి వెళ్ళిపోయింది. ఇక చాప పరవలేదు. ఆ వారమంతా అది గోడకే ఉంది. ఊరికంతా ఆదర్శమైన ఇంట్లో ఉదయ ప్రార్థన ఆగిపోయింది. టీచరమ్మ వచ్చి ప్రార్థన మాన్పించిందని వీధిలో అనుకున్నారు.

సామ్యూల్ అయ్యగారు నన్ను పిలిపించారు. "మీరు ప్రార్థన నిలబెట్టడానికి పోయినారా, ఆపడానికి పోయినారా అమ్మా?" అని అడిగారు.

"కాలు విరిగితే కట్టు కట్టి కొన్నాళ్ళు నడవొద్దంటారు గదయ్యా, అట్ల" అన్నాను. తర్వాత మైకు సంగతి ఎత్తాను. పాట వినిపించండి, వాక్యం వినిపించండి, మనుషుల సంగతులు మాత్రం అందులో వద్దు అన్నాను. "ఏడుస్తా ప్రార్థించే మనిషి దగ్గర మైకు ఎట్ల లాక్కోవల్ల?" అన్నారు. అది కష్టమే. మేమిద్దరం ఏ నిర్ణయానికీ రాకుండానే లేచాం.

మొదటి బస్సు

శుక్రవారం వచ్చింది. కెజియా సంచి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. నేను తోడు పోయాను. ఉండిపొమ్మని చెప్పలేదు. నా సర్వీసులో నేర్చుకున్న వాటిలో ఇదొకటి, పోవాలని తేల్చుకున్న మనిషికి బోధ చెయ్యకూడదు, పక్కన నిలబడాలి. ప్రభుదాసు రాలేదు. రాకుండా తప్పు చేశాడు. ఆ మాట తర్వాత అతని మొహం మీదే చెప్పాను.

బస్సు ఇంకా రాలేదు. గుడి స్పీకర్లో పాట వినిపిస్తోంది. పాట అయింది. వాక్యం చదివారు. తర్వాత మార్తమ్మ గొంతు వచ్చింది.

"ప్రభువా..."

కెజియా సంచి చేతులు మారింది. మళ్ళీ ఏమంటుందో ఈమె అనుకున్నాను.

తర్వాత మార్తమ్మ, "ప్రభువా, నువ్వు రవ్వంతసేపు ఉండు. ముందు నేను నా కోడలితో మాట్లాడాల" అంది.

"కెజియా, రోడ్డు మీద ఉండావో, బస్సెక్కినావో నాకు తెల్దు. నేను కండ్లు తెరుసుకొనే సెప్తా ఉండా. నువ్వు యే పాపమూ దాయలేదు. బిడ్డ పొయ్యిందని తట్టుకోలేక నేనే నీ మీద తప్పు పెట్టినా. దేవుడికి సెప్తా ఉండానని ఊరందరికీ సెప్పినా. ఆ పొద్దు ఇన్నారు గదా అందరూ, ఇదీ ఇనండి. తప్పు నాది. నన్ను మన్నించు తల్లీ. వొస్తే రా, రాకుంటే నీ ఇష్టం. ప్రార్థన సెయ్యమని మాత్రం నిన్ను ఇంకెప్పుడూ అడగను."

అంతే. ఆమెన్ చెప్పలేదు. మైకు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఎవరూ పాట ఎత్తుకోలేదు.

బస్సు వచ్చి ఆగింది. కెజియా కదల్లేదు. కండక్టరు తలుపులోంచి వంగి, "ఎక్కుతావామ్మా, లేదా?" అన్నాడు. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "మీరు పోండన్నా" అంది. బస్సు పోయింది.

"ఎర్రావు నాకు తప్ప ఎవురికీ పాలియ్యదు టీచరమ్మా. పొద్దెక్కి పోతా ఉండాది" అంది కెజియా. సంచి నా చేతికిచ్చి ముందు నడిచింది.

మన్నించేసింది, అంతా సర్దుకుంది అనుకుంటారేమో, అలా ఏమీ జరగలేదు. ఇంటికి పోయి పాలు పిండింది. వ్యానుకు పోసింది. చేతులు కడుక్కుంది. అప్పుడు వచ్చి అత్త ఎదురుగా నిలబడింది. పెళ్ళైన దగ్గర నుంచి ఆమెన్ చెప్పి మింగిన ప్రతి మాటా బయటికి తీసింది. కొళాయి దగ్గర తన వైపు తిరిగిన మొహాలు ఒక్కొక్కటీ చెప్పింది. ఆసుపత్రిలో తనకు ఎలా ఉన్నదీ చెప్పింది. మార్తమ్మ వసారా స్తంభం పట్టుకుని మొత్తం విన్నది. బిడ్డ సంగతి వచ్చినప్పుడు ఇద్దరూ ఏడ్చారు. మొదటిసారి ఒకరి ముందు ఒకరు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆనందం దొడ్లోంచి వచ్చి, చూసి, మళ్ళీ దొడ్లోకే పోయాడు.

ఆ తర్వాత సామ్యూల్ అయ్యగారు పాటకూ వాక్యానికీ తప్ప స్పీకరు వాడలేదు. ప్రార్థన మొదలయ్యేటప్పుడు ఆయనే లేచి స్విచ్ ఆపేసేవారు. ఎవరూ చెప్పకుండానే చేశారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఈ సంగతి ఎక్కడ చెప్పినా వినేవాళ్ళు ఒకటే అడుగుతారు, తర్వాత ఆ అమ్మాయికి పిల్లలు పుట్టారా అని. మా ఇంటికి వచ్చిన అమ్మాయిలూ అదే అడిగారు. గట్టిగా కసురుకున్నాను. మళ్ళీ కొళాయి దగ్గరి వరసలో నిలబడి ఆమె వైపు తిరిగి చూడటమే అది. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు ముందు ఆ ప్రశ్న మానుకోవాలి.

ఇంకొక ప్రశ్న కూడా అడిగారు. ఆ శుక్రవారం ఎండ వసారాలోకి వచ్చాక చాప పరిచింది కెజియానే. పొద్దుటి ప్రార్థన అంత ఆలస్యంగా జరగడం నా సర్వీసులో అదే మొదటిసారి. నన్నూ కూర్చోమన్నారు. ఎవరి వంతు ముందని ఎవరూ అనకముందే కెజియా నోరు తెరిచింది. చాలాసేపు ప్రార్థించింది. ఏమని ప్రార్థించింది టీచరమ్మా అని అమ్మాయిలు ముందుకు జరిగి మరీ అడిగారు. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను, ప్రతి మాటా విన్నాను, ఒక్కటి కూడా మరిచిపోలేదు. అది ఆమె దేవుడితో చెప్పుకున్నది. మీకు చెప్పను.